జాబితా వ్రాసికొనుట వలన లాభమున్నదా?

"నలువది ఏండ్లుగా మగ్గములో కూర్చొనుచున్నాను. నా పని నాకు తెలియదా? చీటీలు వ్రాసికొనుట మతిమరుపు వారికి గాని నాకెందుకు?" అని మన పెద్దలు పలువురు అడుగుచుందురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. చీటీ లేకుండనే మన తాతలు పడుగులు పోసిరి, చీరలు నేసిరి, సంసారములు నడిపిరి. మరి నేడు జాబితా వ్రాసికొమ్మని చెప్పుటలో అర్థమేమి? వ్రాసినందువలన నిజముగా లాభము కలుగునా, లేక పని చేయవలసిన సమయము కాగితము మీద ఖర్చగునా? ఈ పాఠములో ఆ సంగతి విచారింతము. జాబితా గొప్ప వస్తువని ముందుగా నిశ్చయించుకొని మొదలు పెట్టుట లేదు. అది ఎక్కడ పనికివచ్చునో, ఎక్కడ పనికిరాదో, రెండును చూతము.

మగ్గమే ఒక జాబితా

జాబితా అనగా నేమి? చేయవలసిన వానిని, ఉన్నవానిని, ఇచ్చినవానిని ఒక వరుసలో పెట్టుట. ఇంతే. ఈ దృష్టితో చూచినచో నేతగాని కంటె జాబితా తెలిసినవాడు మరొకడు లేడు. రంగు పోగుల వరుస తప్పకుండ పడుగు పోయువాడు జాబితా ప్రకారమే పోయుచున్నాడు. కాగితము లేదు గాని వరుస ఉన్నది.

జకార్డు సంగతి మరింత స్పష్టము. ఫ్రాన్సు దేశమున లియాన్ పట్టణమునకు చెందిన జోసెఫ్ మేరీ జకార్డు 1804లో తన యంత్రమును సిద్ధపరచెను. అందులోని ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకపోగునకు ఆజ్ఞ. రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. అట్టలనన్నిటిని త్రాటితో కుట్టి గొలుసుగా వ్రేలాడదీసినచో అది నేతపని యొక్క జాబితాయే. జకార్డు రూపమును పట్టుబట్టపై నేసిన చిత్రము ఒకటి ఉన్నది. దానికి సుమారు 24,000 అట్టలు పట్టెను. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి అను గణితజ్ఞుడు అట్టి చిత్రము నొకదానిని తన యింట ఉంచుకొని, 1830 ప్రాంతములలో తాను ఊహించిన గణన యంత్రమునకు ఈ అట్టల పద్ధతినే అవలంబింపదలచెను. నేడు బల్ల మీద నున్న కంప్యూటరు వంశవృక్షములో మన మగ్గము పేరు కూడ కలదన్నమాట.

సోలాపురములో దుప్పటి నేయువారికి ఈ అట్టల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. గొలుసులో ఒక్క అట్ట స్థానము మారినచో పువ్వు రూపు చెడును. బట్ట కొరకు వరుస ఇంత భద్రముగా కాపాడువారము, మన నూలు, మన మజూరీ, మన బాకీల వరుసను మాత్రము గాలిలో వదలివేయుట ఎంతవరకు సబబు?

జ్ఞాపకమునకు హద్దు ఉన్నది

చేతికి వచ్చిన పని మరచిపోదు. నాడె విసరుట ఎవరును చీటీ చూచి చేయరు. కాని చేతిలో నుండు జ్ఞాపకము వేరు, తలలో మోయు జ్ఞాపకము వేరు. 1956లో జార్జి మిల్లరు అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, మనుష్యుడు అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకొనగల విషయములు సుమారు ఏడని వ్రాసెను. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను తగ్గించి నాలుగు ప్రాంతమున నిలిపిరి. గంజికి పిండి తేవలెను, రంగు చిలపలు ఆరినవో లేదో చూడవలెను, పిల్లవాని బడి రుసుము కట్టవలెను, షావుకారును నూలు అడుగవలెను, పెండ్లికి పోవలెను. ఐదు పనులు చెప్పునప్పటికే మొదటిది జారిపోవుచున్నది. ఇది ముసలితనము కాదు, మతిమరుపు కాదు. అందరి తలయు ఇట్లే చేయబడినది.

పనితనము మిక్కిలి యెక్కువగా గలవారికే చీటీ కావలసివచ్చిన కథ యొకటి చెప్పెదను. 1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో ఒహాయో రాష్ట్రమున బోయింగు కంపెనీ వారి క్రొత్త యుద్ధ విమానమును పరీక్షించిరి. నడిపినవారు ఆరితేరినవారు. విమానము లేచిన కొద్దిసేపటికే కూలినది, ఇద్దరు మరణించిరి. యంత్రములో లోపము లేదు. నేల మీద నిలిపినప్పుడు గాలికి కదలకుండ తోక రెక్కలకు వేయు బిగింపును విప్పుట మరచిరి. దాని పిమ్మట వైమానికులు ఏమి చేసిరి? ఇంకను ఎక్కువ శిక్షణ కావలెనని కూర్చొనలేదు. బయలుదేరుటకు ముందు చూడవలసిన వానిని చిన్న అట్ట మీద వ్రాసికొని, ఒక్కొక్కటి చదివి చూచుకొనుట మొదలుపెట్టిరి. ఆ జాతి విమానములే తరువాత 12,000కు పైగా తయారైనవి.

కావున చీటీ చేతకానివాని ఊతకర్ర కాదు. పని తెలిసినవాడు చిన్న విషయమును జారవిడువకుండ చూచుకొను పద్ధతి.

పడుగు చీటీ: నా నష్టము చెప్పెదను

పరుల కథ కంటె సొంత కథ మేలు. మేము తమిళదేశములో స్థిరపడిన కుటుంబము వారము. 2011లో ఒక పెండ్లివారు నాలుగు చీరలు ఒకే రంగున కావలెనని చెప్పిరి. అరువదవ నంబరు, ఎనుబదవ నంబరు నూలులతో పుట్టి పెరిగినవాడను. లెక్క నోటనే వేసితిని. నూలు తెచ్చితిని, రంగు వేయించితిని, పడుగు పోసితిమి. మూడు చీరలు దిగినవి. నాలుగవ చీర ఇంక ఒక్క గజమున్నదనగా పేక నూలు అయిపోయినది. మరల నూలు తెచ్చి రంగు వేయించితిని. అదే రంగు, అదే చేయి. తొట్టి మాత్రము వేరు. చీరపై గీత గీసినట్లు తేడా కనబడెను. పెండ్లివారు దానిని తీసికొనలేదు. తక్కువ ధరకు అమ్మవలసివచ్చెను. పన్నెండు దినముల శ్రమ అందులో పోయినది.

ఎక్కడ తప్పితిని? ఆ లెక్కను ఇప్పుడు కాగితముపై వేసి చూతము. నూలు నంబరు అనగా ఒక పౌను తూకములో నెన్ని చిలపలు వచ్చునో ఆ సంఖ్య. ఒక చిలప 840 గజములు. ఎనుబదవ నంబరు నూలు ఒక పౌనునకు 80 చిలపలు.

పన్నెలో, అనగా ఫణిలో, వెడల్పు 48 అంగుళములు. అంగుళమునకు 72 పోగులు. 48ని 72తో హెచ్చింపగా పడుగు పోగులు 3,456.

నాలుగు చీరలు ఆరేసి గజములు, మొత్తము 24 గజములు. నేతలో ముడుచుకొనునది, చివర మిగులునది కలిపి 2 గజములు. పడుగు పొడవు 26 గజములు.

3,456ను 26తో హెచ్చింపగా 89,856 గజములు. దానిని 840తో భాగింపగా 107 చిలపలు. ఇది పడుగు.

పేక అంగుళమునకు 68 పోగులు. గజము బట్టకు 68 పోగులు 36 సార్లు, ఒక్కొక్కటి 48 అంగుళములు. అనగా గజము బట్టకు 3,264 గజముల నూలు. 24 గజములకు 78,336 గజములు. 840తో భాగింపగా 93 చిలపలు దాటును.

నేను 94 చిలపలు తెచ్చితిని. లెక్క సరియే. కాని కండెలు చుట్టునప్పుడు, నేయునప్పుడు తెగి పోవు నూలు నూటికి ఐదు పాళ్లని మా యింట వాడుక. ఆ ఐదు పాళ్లు వేయుట మరచితిని. వేసినచో 98 చిలపలు కావలెను. 94 చిలపలలో ఐదు పాళ్లు పోగా మిగిలిన నూలు సుమారు 23 గజముల బట్టకు వచ్చును. ఇరువది నాలుగవ గజము వద్ద నేను ఆగిపోయితిని. నాలుగు చిలపలు మరచినందుకు ఒక చీర పోయెను.

ఆ దినము మొదలు ప్రతి పడుగునకు ఒక చీటీ వ్రాసి మగ్గపు స్తంభమునకు కట్టుచున్నాము. అందులో పది సంగతులు మాత్రమే ఉండును: పడుగు పోసిన తేదీ, ఎవరి కొరకు, నూలు నంబరు, పడుగు పోగుల సంఖ్య, అంచు పోగులు వేరుగా, పడుగు పొడవు, పడుగు చిలపలు, తరుగుతో కూడ పేక చిలపలు, ఏ తొట్టిలో ఏ దినమున రంగు వేసినది, బట్ట ఇయ్యవలసిన గడువు. చీటీకి చిన్న రంగు నూలు ముక్క కూడ ముడివేసి యుంచుదుము. రంగు పేరు ఎన్ని విధముల చెప్పినను ముక్క అబద్ధమాడదు.

ఈ చీటీ వ్రాయుటకు పది నిమిషములు పట్టును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అని సామెత యుండనే ఉన్నది.

గడువు చెప్పుటకు ముందు

చీటీలోని చివరి మాట, గడువు, ఎల్లరను మోసగించునది. 1994లో కెనడాలో కొందరు విద్యార్థులను, మీ సిద్ధాంత వ్యాసము ఎన్ని దినములలో ముగింతురని అడిగిరి. సగటున 34 దినములని చెప్పిరి. పట్టినది 55 దినములు. వారు అబద్ధము చెప్పలేదు. మనసు రాబోవు పనిని అడ్డంకులు లేనట్లుగా ఊహించును. మనము కూడ "పండుగలోగా దింపెదను" అని చెప్పునప్పుడు వానను, గంజి ఆరని దినములను, చుట్టపు చావును లెక్కలో వేయము.

దీనికి మందు కూడ జాబితాయే, కాని రేపటి జాబితా కాదు, నిన్నటి జాబితా. గడచిన మూడు పడుగులు మొదలుపెట్టిన తేదీ, దిగిన తేదీ చీటీలలో ఉన్నచో, వాని సగటు తీసి గడువు చెప్పవచ్చును. ఆశ చెప్పు గడువు కంటె పాత చీటీ చెప్పు గడువు నమ్మదగినది. అందువలన పని ముగిసిన చీటీని పారవేయరాదు. తీగకు గ్రుచ్చి యుంచవలెను.

వ్రాత ఒకరి వద్దనే యున్నచో

ఇప్పుడు మరింత బరువైన సంగతికి వచ్చెదము. మనలో చాలమంది షావుకారు నూలుతో నేయువారు. నూలు తూచి ఇచ్చును, బట్ట తూచి తీసికొనును. మధ్య తరుగు లెక్క. పండుగకు, ప్రసవమునకు, జబ్బునకు బయానా తీసికొందుము. ఇదంతయు వ్రాయబడుచునే ఉన్నది. ఎక్కడ? షావుకారు పద్దులో.

మా నాయనగారు ఒక చోట ఏడేండ్లు నేసిరి. లెక్క తీరుచుకొని బయటకు వచ్చుదినమున పద్దులో కనబడిన బాకీ ఆయన తలలో నున్న బాకీ కంటె ఎక్కువగా నుండెను. ఒక ఉగాదికి తీసికొన్న బయానా తీర్చితిననెను ఆయన. తీర్చినట్లు పద్దులో లేదు. షావుకారు అన్యాయము చేసెనో, ఆయనయే మరచెనో నేటికిని నాకు తెలియదు. తెలిసికొను మార్గము కూడ లేదు. ఇద్దరిలో ఒకరి వద్దనే వ్రాత ఉన్నది గనుక ఆ వ్రాతయే గెలిచినది. మరి యొక సంవత్సరము ఆయన అక్కడనే నేసి తీర్చిరి.

ఈ కథలో ఎవరిని నిందించుటకును నేను పూనుకొనలేదు. న్యాయమైన షావుకారుకు కూడ రెండవ పుస్తకము మేలే చేయును, తగవు రాదు. నేతగాని వద్ద నుండవలసిన పట్టికలో ఐదు గడులు చాలును: తేదీ, వచ్చిన నూలు తూకము, ఇచ్చిన బట్ట తూకము, వచ్చిన డబ్బు, నిలువ. ఇచ్చిపుచ్చుకొను చోటనే వ్రాయవలెను. ఇంటికి వచ్చి వ్రాసెదమనరాదు. వీలైనచో ఎదుటివారి సంతకము పక్కన వేయించవలెను. "మామా, నా పుస్తకంలో కూడా ఒక గీత పెట్టండి" అని నవ్వుచు అడిగినచో ఎవరును కోపగించుకొనరు. దీపము ఉండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెను. తగవు వచ్చిన పిమ్మట వ్రాసిన జాబితాకు విలువ లేదు.

కనబడని పని

జాబితా చేయు మరియొక మేలు చాలమంది గమనింపరు. అది కనబడని పనిని కనబరచును.

ఒక చీర మజూరీ ఎంత అని అడిగినచో మగ్గములో కూర్చున్నవాని పేరనే చెప్పుదుము. ఒక్క వారము మీ యింట ఎవరెవరు ఏ పని చేసిరో వరుసగా వ్రాసి చూడుడు. చిలపలు విప్పినది ఎవరు? రాట్నము త్రిప్పి కండెలు చుట్టినది ఎవరు? గంజి కాచినది ఎవరు? పడుగు సాచునప్పుడు రెండవ కొన పట్టుకొన్నది ఎవరు? తెగిన పోగులు అతికినది ఎవరు? మేము వ్రాసినప్పుడు ఆ కాగితములో నా పేరు కంటె నా భార్య పేరు, మా అమ్మ పేరు ఎక్కువసార్లు వచ్చినవి. నేను సిగ్గుపడితిని.

దేశమంతట తీసిన జాబితా కూడ ఇదే చెప్పుచున్నది. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో సుమారు 35 లక్షల 22 వేల మంది నేతపనివారు, అనుబంధ పనివారు తేలిరి. అందులో నూటికి 72 మంది స్త్రీలు. నేతగాడు అనగానే మీసములున్న పురుషుని ఊహించుకొను అలవాటును ఆ పట్టిక సరిదిద్దినది. లెక్కకు రాని శ్రమకు ధర ఉండదు. మజూరీ మాటాడు దినమున "కండెల కూలి ఏది?" అని అడుగవలెనన్నచో కండెలు ఎన్ని గంటలు చుట్టిరో వ్రాత యుండవలెను.

ఏ లిపిలో వ్రాయవలెను?

ఈ ప్రశ్న ఆంధ్ర, తెలంగాణములలోని వారికి రాదు. మనకు మాత్రము ప్రతి ఇంట ఉన్నది. తాత తెలుగు చదువును, మనుమడు మరాఠీయో, కన్నడమో, ఒడియాయో చదువును. మా యింట పడుగు చీటీలు మొదట నేను తెలుగున వ్రాయుచుంటిని. ఒకనాడు నేను ఊర లేనప్పుడు మా కోడలు కండెలకు ఏ రంగు తీయవలెనో తెలియక చీటీ పట్టుకొని మా అమ్మ వద్దకు పోయెనట.

"అవ్వా, ఇందులో ఏం రాసుంది? నాకు తెలుగు అక్షరాలు రావు, అరవమే వచ్చు."

"నాకు కండ్లు కానరావు కదమ్మా. నువ్వు అక్షరం రూపు చెప్పు, నేను పేరు చెప్తాను."

ఇద్దరును కూడబలికికొని ఒక్కొక్క అక్షరమును చదివిరి. మా అమ్మ నవ్వుచు చెప్పినది గాని నాకు అందులో పాఠము కనబడెను. ఇంటిలో సగముమంది చదువలేని చీటీ సగము చీటీయే. అప్పటినుండి అంకెలు అందరికి తెలిసిన 1, 2, 3 లలోనే వేయుచున్నాము. రంగు పేరునకు బదులు నూలు ముక్క. మాటలు రెండు లిపులలో, పైన తెలుగు, క్రింద అరవము. దీనివలన అనుకొనని లాభము మరొకటి కలిగెను. రెండు సంవత్సరములలో మా కోడలు, పిల్లలు ఆ చీటీల మీదనే తెలుగు అక్షరములు పట్టుకొనిరి. బడిలో లేని తెలుగు మగ్గపు స్తంభము మీద దొరికినది.

చేతిఫోనులో వ్రాసికొందుమని యువకులు అందురు. మంచిదే. చీటీకి ఫోటో తీసి యుంచినచో కాగితము తడిసినను పోదు. కాని ఫోను ఒకరి జేబులో నుండును, మగ్గము అందరి యెదుట నుండును. పని జరుగు చోటనే జాబితా కనబడవలెను.

కాగితముల పట్టిక

ఇంటిలో నొక పట్టిక వ్రాసి పెట్టె మూతకు లోపల అంటించుడు: నేతగాని గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకము, ఆధారు, రేషను కార్డు, జనన పత్రములు, కుల ధ్రువపత్రము, బడి విడుదల పత్రములు. ప్రతిదాని యెదుట, అందులో పేరు ఏ విధముగా వ్రాయబడియున్నదో అట్లే నకలు వ్రాయుడు. ఇదే ముఖ్యము.

ఏలనన, మనము రాష్ట్రములు మారిన జనము. ఆంధ్ర వాడుకలో ఇంటిపేరు ముందు. మహారాష్ట్రలో స్వంత పేరు ముందు, తండ్రి పేరు నడుమ, ఇంటిపేరు చివర. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరము ముందు పెట్టి ఇంటిపేరును విడిచిపెట్టుదురు. ఒకే మనుష్యుడు మూడు కాగితములలో ముగ్గురుగా కనబడును. సోలాపురములో పుట్టి సేలములో కాపురమున్న ఆడపడుచు గతి ఇంకను చెప్పనక్కరలేదు. దరఖాస్తు దినమున కచేరి కిటికీ ముందు ఈ తేడా తెలిసినచో ఆ దినపు కూలి పోయినట్లే. తీరికగా నున్న ఒక ఆదివారము పట్టిక వ్రాసినచో తేడా ముందే కనబడును, దిద్దించుకొనుటకు వ్యవధి యుండును.

జాబితా చేయలేనిది

ఇంతవరకు లాభములు చెప్పితిని. ఇక రెండవ వైపు.

శస్త్రచికిత్సకు ముందు, నడుమ, తరువాత చూడవలసిన 19 అంశముల పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించినది. మన ఢిల్లీతో కూడ ఎనిమిది నగరములలో పరీక్షింపగా రోగుల మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవని 2009లో వెల్లడియైనది. గొప్ప ఫలితము. కాని కెనడా దేశపు ఆంటారియో రాష్ట్రములో 101 ఆసుపత్రులు ఆ పట్టికను వాడిన పిమ్మట ఏమి జరిగినదో చూడగా, చెప్పుకొనదగిన తగ్గుదల లేదని 2014లో తేలెను. అక్కడ ఆ పట్టిక ఆజ్ఞగా వచ్చినది. పట్టిక అదే, ఫలితము వేరు. దీనికి కారణములు పలువురు పలువిధముల చెప్పిరి. మన మగ్గముల వద్ద చూచినదానిని బట్టి నాకు తోచునది ఇది: చదివి, చూచి, గీత పెట్టిన జాబితా ఒకటి, చూడకుండ గీతలు మాత్రము పెట్టిన జాబితా మరొకటి. రెండవది జాబితా లేకపోవుట కంటె చెడ్డది, ఏలనన చూచితిమన్న ధైర్యమిచ్చును.

మరి నాలుగు దోషములు కూడ జ్ఞాపకముంచుకొనవలెను. ఒకటి, పొడవు. ముప్పది పనులు వ్రాసిన చీటీని చూచినవాడు తేలిక పనులు నాలుగు చేసి, బరువు పని రేపటికి నెట్టును. ఒక దినమునకు ఐదు చాలును. అందులో బరువైనది మొదట వ్రాయవలెను. రెండు, తేదీ లేకపోవుట. తేదీ లేని చీటీ నిన్నటిదో నిరుటిదో తెలియదు. మూడు, వ్రాసి తృప్తిపడుట. పని పేరు వ్రాసినంతనే సగము చేసినట్లు మనసు పొంగును. నూలు మాత్రము చుట్టబడదు. నాలుగు, ఇతరుల మీద నిఘాగా వాడుట. కోడలి పనులు అత్త వ్రాసి గోడకు అంటించినచో అది జాబితా కాదు, తగవు. పని చేయువారే వ్రాయవలెను, లేదా వారితో కూర్చొని వ్రాయవలెను.

చేతిపనిలోని మర్మమును ఏ జాబితాయు పట్టుకొనలేదు. గంజి ఎంత చిక్కగా నుండవలెనో వ్రేళ్లకు తెలియును. అంచు వద్ద పేక ఎంత బిగువుగా లాగవలెనో మణికట్టునకు తెలియును. దానిని కొడుకు తండ్రి పక్కన కూర్చొనియే నేర్వవలెను. జాబితా చేయునదెల్ల, ఆ నేర్పు నాలుగు చిలపల లోపమునకు బలి కాకుండ కాపాడుట. పెద్దలు అడిగిన ప్రశ్నకు నా సమాధానమిదే. మీ పని మీకు తెలియును గనుకనే చీటీ వ్రాసికొనుడు. తలను చిల్లర లెక్కల నుండి విడిపించి నేత మీద పెట్టుడు.

అభ్యాసము

సంఘపు ఆదివారపు కూటములలో ఈ క్రింది వానిని చేసి చూచుకొనవలెను.

1. పన్నెలో వెడల్పు 50 అంగుళములు, అంగుళమునకు 64 పోగులు, పడుగు పొడవు 21 గజములు. పడుగునకు ఎన్ని చిలపలు కావలెను? (సమాధానము: 3,200 పోగులు, 67,200 గజములు, సరిగ్గా 80 చిలపలు.)

2. అందే అంచులు రెండును కలిపి 5 అంగుళములు వేరు రంగు. అంచు రంగునకు ఎన్ని చిలపలు? (సమాధానము: 320 పోగులు, 6,720 గజములు, 8 చిలపలు.)

3. మీ యింట ఒక వారము ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేసిరో వ్రాయుడు. వ్రాసిన పిమ్మట ఇంటిలో అందరి యెదుట చదువుడు.

4. మీ కాగితములలో మీ పేరు ఎన్ని విధములుగా నున్నదో వ్రాయుడు.

5. మీ వద్ద నున్న బాకీ లెక్కను షావుకారు పద్దుతో ఈ నెలలోనే సరిచూచుకొనుడు. తేడా యున్నచో నేడు చిన్నదిగా నుండును. మరి ఏడేండ్లకు పెద్దదగును.